ఛైర్మన్ గారి వెనకనడక

మా మునిసిపాలిటీలో పై అధికారి కంటే ముందు కింది ఉద్యోగి నడవకూడదు. దీనికి చిన్న చరిత్ర ఉంది. ఒకసారి మంత్రిగారు మురుగుకాలవ ప్రారంభోత్సవానికి వచ్చినప్పుడు, గేటు తీయడానికని అటెండరు కాస్త ముందు నడిచాడు. సరిగ్గా అప్పుడే పత్రికవాళ్లు ఫొటో తీశారు. మర్నాడు జిల్లా పేజీలో అటెండరు నిండుగానూ, అతని భుజం వెనక మంత్రిగారు సగంగానూ కనిపించారు. ఆ వారంలోనే సర్క్యులర్ వచ్చింది. అప్పటినుంచి మా ఆఫీసు గేట్లు తెరిచే ఉంటున్నాయి. గేదెలు లోపలికి వస్తాయి. వాటికి సర్క్యులర్ వర్తించదు.

నేను ఆ మునిసిపాలిటీలో లైబ్రేరియన్‌ని. పేరు సోమసుందరం. అటెండర్లని వదిలేస్తే హోదాల వరుసలో నా తరవాత ఎవరూ లేరు కనక ఎక్కడికి వెళ్లినా చివర నడుస్తాను. చివర నడిచేవాడికి ముఖాలు కనిపించవు, మెడలు కనిపిస్తాయి. కమిషనర్ నరసింగరావు గారి మెడ, పైనుంచి ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు నిటారుగా ఉంటుంది. వరండాలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అది వంగదు. ఇంజనీరు డేవిడ్‌రాజు గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే మెడ మెల్లగా భుజాల్లోకి దిగిపోతుంది. సూపరింటెండెంట్ హైమావతి గారికి చిరాకు వస్తే చెయ్యి జుట్టు ముడిలోని పిన్ను దగ్గరికి వెళుతుంది. ఛైర్మన్ పట్టాభి గారి మెడ మీద మాత్రం పసిపిల్లలకి ఉండేలాంటి మెత్తని మడత ఒకటి ఉంది. ఆ మెడని చూస్తే ఈయన్ని ఎవరైనా మోసం చేయగలరని అనిపిస్తుంది. ఎవరైనా ఒప్పించగలరని కూడా.

ఆయన్ని ఒప్పించవలసిన అవసరం నాకు వచ్చింది.

మా ఓడలపేటలో ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు వ్యాపారం చేశారు. వెళ్లిపోతూ రేవు దగ్గర సుంకాల కొట్టు ఒకటి, దాని కప్పుకి ఒక ఇనప కొక్కెం, మూలన బీరువా నిండా పుస్తకాలు వదిలిపోయారు. ఆ కొట్టే ఇప్పుడు మా లైబ్రరీ. పాఠకులు తక్కువగా వచ్చే మధ్యాహ్నాల్లో నేను ఆ బీరువా తెరిచి, ఒక నిఘంటువు దగ్గర పెట్టుకుని, ఏళ్ల తరబడి కూర్చుని ఫ్రెంచి నేర్చుకున్నాను. ఆ భాషలో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాలని అనిపించలేదు కూడా. ఎవరూ తిరిగి జవాబు చెప్పని భాషలో ఒక రకమైన విశ్రాంతి ఉంటుంది.

ఆ కొట్టుని పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని కౌన్సిల్ నిర్ణయించింది. అయితే, పురాతన కట్టడాన్ని పడగొట్టాలంటే పురాతన కట్టడాలని ఎలా కాపాడుకోవాలో ముందుగా అధ్యయనం చేసి రావాలని ప్రభుత్వ నిబంధన. అందుకు నిధులు కూడా ఉన్నాయి. కాబట్టి, కాపాడడం నేర్చుకుని వచ్చి పడగొట్టడానికి మా బృందం ఫ్రాన్సులోని మోంవాల్ అనే పాత నగరానికి బయలుదేరింది. దుబాసీ కావాలి కనక నన్ను కూడా తీసుకువెళ్లారు.

మోంవాల్‌లో కాలినడకన నగరం చూపించే యాత్ర ఒకటి ఉంది. ఆ దారిలో పాత సుంకాల కొట్టు ఒకటి ఉందనీ, దాన్నీ లైబ్రరీగానే మార్చారనీ నేను ముందే చదివి తెలుసుకున్నాను. ఛైర్మన్ గారు ఆ కొట్టు ముందు ఒక్క నిమిషం నిలబడితే చాలు, పడగొట్టే కాగితం మీద సంతకం పెట్టలేరని నా ఆశ. తిరిగి వెళ్లగానే సంతకం ఉంది. నాకు ఉన్నది ఆ ఒక్క నిమిషమే.

పొద్దున్నే చర్చి ముందున్న చౌకు దగ్గర గైడు మా కోసం ఎదురు చూస్తోంది. పేరు సొలాంజ్. నెరిసిన పొట్టి జుట్టు, చేతిలో ఎర్ర గొడుగు. జీవితంలో మొదటిసారి ఫ్రెంచిలో నోరు విప్పాను.

"గౌరవనీయురాలా! తమ దర్శనభాగ్యం చేత ఈ విధేయ సేవకుని హృదయం పులకించినది."

ఆమె కాసేపు నన్నే చూసి, గొడుగు మీద వాలి మరీ నవ్వింది. "మా ముత్తవ్వ ప్రేమలేఖల్లో ఇలాంటి భాష ఉండేది! మీరు ఇది ఎక్కడ నేర్చుకున్నారు?"

"బీరువాలో," అన్నాను.

ఆమె గొడుగు పైకెత్తి, "నా వెనకే రండి," అని నడక మొదలుపెట్టింది.

"ఆగండి!" అన్నారు కమిషనర్ గారు. "సోమసుందరం, ఈవిడ ఏ గ్రేడు?"

"గైడండీ."

"గ్రేడు అడుగుతున్నాను."

"కాంట్రాక్టు పద్ధతిలో పనిచేస్తారట."

"కాంట్రాక్టు!" కమిషనర్ గారి మెడ మరో అర అంగుళం పెరిగింది. "కాంట్రాక్టు ఉద్యోగిని గౌరవ ఛైర్మన్ గారి కంటే అగ్రభాగాన సంచరించుటయా? ఇది పర్యటనా మర్యాదలకు విఘాతం కలిగించు చర్య. ఆమెను యథాస్థానమునకు పంపవలసినది."

యథాస్థానం అంటే నా వెనక. నేను సొలాంజ్‌కి విషయం చెప్పాను. "దారి నాకు తెలుసు కదా?" అందామె అయోమయంగా.

"దారి తెలియడం వేరే శాఖ," అన్నాను. ఎలా చెప్పాలో తెలియక నిజమే చెప్పాను.

ఇంకొక చిక్కు ఉంది. కింది ఉద్యోగి పై అధికారికి ఏదైనా విన్నవించాలంటే మధ్యలో ఉన్న వాళ్లందరి ద్వారా వెళ్లాలి. దీన్ని త్రూ ప్రాపర్ ఛానల్ అంటారు. కాబట్టి ఏర్పాటు ఇలా జరిగింది: సొలాంజ్ నాకు చెబుతుంది. నేను తెలుగులో హైమావతి గారికి చెబుతాను. ఆవిడ ఇంజనీరు గారికి, ఆయన కమిషనర్ గారికి, ఆయన ఛైర్మన్ గారికి. అందరూ నడుస్తూనే ఉంటారు. అందరికంటే ముందు, దారి తెలియని పట్టాభి గారు చేతులు వెనక్కి కట్టుకుని ఉత్సాహంగా నడుస్తారు.

మొదటి కట్టడం ఒక సాధువు సమాధి. సొలాంజ్ దాని గురించి ఎంతో చక్కగా చెప్పింది. ఆ సాధువు కరువులో తన వాటా రొట్టె ప్రతిరోజూ పంచిపెట్టి, చివరికి ఆకలితో పోయాడట. నేను హైమావతి గారికి చెప్పాను. ఆవిడ పిన్ను సర్దుకుని, "ఇంజనీరు గారూ, ఎవరో సాధువు. రొట్టె. సమాధి," అన్నారు. ఆ మాట ఛైర్మన్ గారిని చేరేసరికి ఆయన సమాధి దాటి, కార్లు పెట్టుకునే నేలమాళిగ మెట్ల దగ్గర ఉన్నారు. వెంటనే చెప్పులు విడిచి, ఆ మెట్లకి భక్తిగా నమస్కారం చేశారు. మెట్ల పక్కనున్న వాలు దారిలో కింది నుంచి కారు ఒకటి పైకి వచ్చింది. "సాధువు గారి సన్నిధిలో కార్లేంటయ్యా, అపచారం!" అన్నారు. కమిషనర్ గారు విచారం వ్యక్తం చేశారు.

తరవాత ఒక దొరని ఉరితీసిన స్థలం. ఆ సంగతి చేరేవేళకి ఆయన ఐస్‌క్రీమ్ కొట్టు ముందున్నారు. కొట్టతను చిరునవ్వుతో ఒక పుల్ల ఐస్ అందించబోతే, "ఇంత ఘోరం జరిగిన చోట ఎలా తింటామయ్యా?" అని చేత్తో తోసేశారు. కొట్టతను ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

నాకు సంగతి అర్థమైంది. మాట ఎప్పుడూ ఒక కట్టడం ఆలస్యంగా వెళుతోంది. ముందున్నవాడు చూస్తాడు, వెనకున్నవాడికి తెలుస్తుంది. రెండూ ఒక మనిషిలో కలవవు. ఇది మా ఆఫీసుకే పరిమితమైన జబ్బు కాదేమో, నా లోపల కూడా ఇలాంటి వరుస ఒకటి నడుస్తోందేమో అనిపించింది. నాకు ఏదైనా సంతోషం కలిగిందని నాకు తెలిసేసరికి ఎప్పుడూ ఆ చోటు దాటిపోయే ఉంటాను.

ఆలోచనలో ఉండగానే సుంకాల కొట్టు వచ్చేసింది.

అచ్చం మాదే. అదే రాతి గోడ, అదే వంపు ద్వారం. లోపల బల్లల దగ్గర మనుషులు చదువుకుంటున్నారు. కప్పు నుంచి ఇనప కొక్కెం వేలాడుతోంది. పూర్వం దానికి పెద్ద త్రాసు కట్టి ఓడల్లోంచి దిగిన మూటలు తూచేవారని సొలాంజ్ చెప్పింది. ఛైర్మన్ గారు అప్పటికే దాన్ని దాటిపోతున్నారు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

"సార్! ఛైర్మన్ గారూ! ఆగండి, ఇదేనండీ!" అని అరిచాను.

వరుస మొత్తం ఆగింది. కమిషనర్ గారి మెడ నెమ్మదిగా పక్కకు తిరిగింది. "సోమసుందరం, అరుపు ఏ ఛానల్?"

"మీకేమైనా పూనిందా ఏంటండీ?" అన్నారు హైమావతి గారు గొంతు తగ్గించి. "నాకు చెప్పండి, నేను పంపుతాను. ఎప్పుడు పంపలేదు?"

చెప్పాను. కొక్కెం, త్రాసు, లైబ్రరీ, పడగొట్టకుండా కాపాడుకున్న వైనం, అన్నీ. హైమావతి గారు "పాత కొట్టు, ఇప్పుడు లైబ్రరీ" అన్నారు. ఇంజనీరు గారు "పాత కొట్టు స్థానంలో" అన్నారు. కమిషనర్ గారు దాన్ని ఆఫీసు భాషలోకి మార్చారు. అది ముందుకి చేరేటప్పటికి ఛైర్మన్ గారు అద్దాలతో ధగధగలాడుతున్న అయిదంతస్తుల బట్టల దుకాణం ముందున్నారు.

"ఓహో! పాత కొట్టు తీసేసి ఇలా కట్టారన్నమాట! భలే ఉందయ్యా! పైకీ కిందికీ వెళ్లడానికి కదిలే మెట్లు కూడా ఉన్నాయి. డేవిడ్‌రాజూ, మనదీ అచ్చం ఇలాగే రావాలి. వెళ్లగానే సంతకం పెట్టేస్తాను."

ఇంజనీరు గారి మెడ భుజాల్లోంచి పైకి వచ్చింది. అంత పైకి రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

సొలాంజ్ నా వైపు చూసింది. "మీరు ఏడుస్తున్నారా?"

"మా ఊళ్లో లైబ్రరీ ఒకటి పోయింది," అన్నాను. "ఇప్పుడే."

ఆ తరవాత ఆమె చెబుతున్నది నేను పైకి పంపలేదు. పంపనట్టు ఎవరూ గమనించలేదు. మేమిద్దరమే మాట్లాడుకుంటూ నడిచాం. నా ఫ్రెంచిలో ఏ మాటలు చచ్చిపోయాయో ఆమె ఒక్కొక్కటే చెబుతోంది. "ఈ మాట రొట్టెల కొట్లో వాడకండి, మిమ్మల్ని దెయ్యం అనుకుంటారు." చాలా ఏళ్ల తరవాత నాకు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అనిపించింది. ముందు ఎవరు ఎటు తిరుగుతున్నారో చూడలేదు.

ఛైర్మన్ గారు సందులోకి తిరిగారు. సందు మరో సందులోకి తిరిగింది. అది మనిషి చేతులు చాపితే రెండు గోడలూ అందేంత ఇరుకు. చివర గోడ ఉంది.

"దారి లేదయ్యా," అన్నారు ఛైర్మన్ గారు గోడ ముందు నిలబడి.

ఆ మాట వరుసగా వెనక్కి వచ్చింది. సొలాంజ్ వెనక్కి తిరిగి, "రండి," అంది.

ఇంజనీరు గారు తిరగబోయారు. కమిషనర్ గారు ఆయన భుజం పట్టుకున్నారు.

"ఏం చేస్తున్నారు మీరు? మనం తిరిగితే ఎవరు ముందు ఉంటారో ఆలోచించారా?"

ఆలోచించాం. గైడు ముందు, నేను రెండు, ఛైర్మన్ గారు ఆఖర్న. సందులో ఒకరినొకరు దాటే చోటు లేదు.

"గౌరవ ఛైర్మన్ గారు లైబ్రేరియన్ వెనక!" కమిషనర్ గారి గొంతు నిజంగానే వణికింది. ఆయన భయం చూస్తే నాకు జాలేసింది. అటెండరు భుజం వెనక ఆనాడు సగం మాయమైన మంత్రిగారి పక్కన ఈయన కూడా ఉన్నారని అప్పుడు గుర్తొచ్చింది. ఫొటోలో ఈయన అసలు పడనే లేదు.

"అయితే ఇక్కడే ఉండిపోదామా?" అన్నారు హైమావతి గారు. "నాకు మధ్యాహ్నం మాత్ర వేసుకోవాలి. మడిగట్టుకుని ఈ సందులో కూర్చోలేను."

కమిషనర్ గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది. "బృందం దిశ మార్చుకోదు. ముఖాలు ఎటు ఉన్నవో అటే ఉండును. పాదములు మాత్రము వెనుకకు వేయబడును. తద్వారా గౌరవ ఛైర్మన్ గారి అగ్రస్థానమునకు భంగం వాటిల్లదు."

అలా మోంవాల్ నగర వీధుల్లో మేం వెనక్కి నడవడం మొదలుపెట్టాం. సొలాంజ్ ఒక్కతే మామూలుగా నడుస్తోంది. నేను ఆమె గొడుగు కొన పట్టుకున్నాను. నా చొక్కా హైమావతి గారు పట్టుకోలేదు. నేను కిందివాణ్ణి కనక పై ఉద్యోగి నన్ను పట్టుకోవడం కుదరదట. "మీరు చెప్పండి, నేను వస్తాను," అన్నారు. ఇంజనీరు గారు రెండుసార్లు ఆవిడ కాలు తొక్కి రెండుసార్లూ క్షమాపణ కిందికి పంపారు.

సందులోంచి పెద్ద వీధిలోకి వచ్చాక తిరగవచ్చునని నేను విన్నవించాను. తిరిగే ఆ ఒక్క క్షణంలోనూ ఛైర్మన్ గారు వెనకబడతారని జవాబు వచ్చింది. వీధిలో జనం ఆగి చూస్తున్నారు. కుక్కని తీసుకెళుతున్న ముసలామె చప్పట్లు కొట్టింది. ఎవరో కుర్రవాడు సొలాంజ్‌ని ఇదేం తీర్థయాత్ర అని అడిగాడు.

"తీర్థయాత్ర కాదు," అంది ఆమె. "పరిపాలన."

ఆ అవస్థలోనే అలవాటు కొద్దీ ఆమె దారిలోని కట్టడాల గురించి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. నేనూ అలవాటు కొద్దీ పైకి పంపాను. వెడల్పు వీధుల్లోంచే వెళదామని ఆమె వచ్చిన దారి వదిలి చుట్టు తిరిగింది కనక ముందు ఉరితీసిన స్థలం వచ్చింది, దాని గురించి మాట వెళ్లింది. అక్కడినుంచి ఛైర్మన్ గారి గొంతు వినిపించింది. "ఆఁ! రాతి దిమ్మె, ఇనప గొలుసు! అయ్యో పాపం, ఇదా ఆ చోటు! మరి ఇందాకటి ఐస్‌క్రీమ్ కొట్టతను ఏం పాపం చేశాడయ్యా?"

నేను గొడుగు కొనను గట్టిగా పట్టుకున్నాను.

వెనక్కి నడుస్తున్నప్పుడు ప్రతి కట్టడం ముందుగా వచ్చేది సొలాంజ్ దగ్గరికి. ఆఖరున చేరేది ఛైర్మన్ గారి దగ్గరికి. ఆమె చెప్పింది అందరి నోళ్లూ దాటి పైకి చేరేసరికి కట్టడం కూడా సరిగ్గా ఆయన కళ్ల ముందుకి వస్తోంది. మాటా వస్తువూ ఒకే క్షణంలో కలుస్తున్నాయి. మా ఛానల్‌లో ఎప్పుడూ ఏ లోపమూ లేదు. మేం నడిచే దిక్కే తప్పు.

"సుంకాల కొట్టు ఎంత దూరం?" అని సొలాంజ్‌ని అడిగాను.

ఆమె నా చెయ్యి చూసింది, గొడుగు కొన మీద అది ఎలా బిగుసుకుందో. "వచ్చేస్తోంది. ఈసారి మూడు ముక్కల్లో చెప్పండి. మీవాళ్లు కత్తిరించేది ఏమీ ఉండకూడదు."

"పాత సుంకాల కొట్టు. పడగొట్టలేదు. కొక్కెం చూడండి," అని హైమావతి గారికి చెప్పాను. చెప్పి, జీవితంలో మొదటిసారి ఆవిణ్ణి బతిమాలాను. "అమ్మా, ఒక్క మాటా తగ్గించకండి."

ఆవిడ తల తిప్పకూడదు కనక ముఖం కనిపించలేదు. చెయ్యి పిన్ను దగ్గరికి వెళ్లి, దాన్ని తాకకుండానే కిందికి దిగింది. మూడు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టుగా వెళ్లాయి. ఇంజనీరు గారు ఒక్క క్షణం ఆగారు. వెనక్కి నడుస్తూ ఆగిన మనిషిని ముందున్నవాళ్లు గుద్దుతారు. కమిషనర్ గారు గుద్దారు. ఆ గుద్దుకి మాట ఇంజనీరు గారి నోట్లోంచి బయటపడింది.

ఛైర్మన్ గారు ఆగారు. ఆయన ఆగారు కాబట్టి అందరం ఆగాం. ఆయన వంపు ద్వారం వైపు చూస్తూ నిలబడ్డారు. మెడ మీద మడత మెల్లగా కదిలింది.

"సోమసుందరం!" అని పిలిచారు. నేరుగా. మధ్యలో ఎవరూ లేకుండా.

కమిషనర్ గారు ఉలిక్కిపడ్డారు.

"మన దాంట్లోనూ ఈ కొక్కెం ఉంది కదయ్యా?"

"ఉందండీ. పేపర్లు చదివే బల్లకి సరిగ్గా పైన."

"చిన్నప్పుడు మా నాన్న పీచు మోపులతోబాటు నన్నూ ఆ త్రాసులో కూచోబెట్టేవాడు. తూచి, ఏరా పట్టాభీ, మోపుకంటే తేలికైపోయావేంట్రా అని ఏడిపించేవాడు. ఇంటికెళ్లి అమ్మతో చెప్పి నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టించేవాడు." ఆయన ముక్కు చీదుకున్న చప్పుడైంది. "అది పడగొడితే నన్నెక్కడ తూస్తారయ్యా ఇంక?"

"పడగొట్టకండి," అన్నాను.

"పడగొట్టను," అన్నారు.

అంతే. అంత పెద్ద పని అంత చిన్న సంభాషణలో అయిపోయింది. చౌకు దగ్గర సొలాంజ్ నాతో కరచాలనం చేసి, ఎప్పుడైనా మీ కొట్టు ముఖం ఫొటో తీసి పంపండి అంది. తప్పకుండా అన్నాను.

పంపలేకపోయాను. కారణం చెబుతాను.

ఓడలపేటకి తిరిగి వచ్చాక కౌన్సిల్ సమావేశం జరిగింది. ఛైర్మన్ గారు కంటతడితో మాట్లాడారు. ముందుకి నడిచినంతసేపూ తనకి ఏమీ అర్థం కాలేదనీ, వెనక్కి నడిచాకే చరిత్ర కళ్లకి కట్టిందనీ అన్నారు. కమిషనర్ గారు దానిని తీర్మానం చేశారు. "చారిత్రక కట్టడములను వెనుకకు నడుచుచు మాత్రమే దర్శించవలెను. అభిముఖముగా ప్రవేశించువారు శిక్షార్హులు." లైబ్రరీ ముందు బోర్డు పెట్టారు, ఈల వేసే మనిషిని పెట్టారు. ఇప్పుడు మా పాఠకులు వీధివైపు ముఖం పెట్టి, వెనక్కి అడుగులేసుకుంటూ లోపలికి వస్తారు. భవనం మిగిలింది. దాని ముఖం మాత్రం ఊళ్లో ఎవరూ చూడడానికి వీల్లేదు. జిల్లా నుంచి విద్యార్థుల్ని బస్సుల్లో తెస్తున్నారు. పక్క మునిసిపాలిటీ అధ్యయనానికి వచ్చి వెళ్లింది. వాళ్లు ఆస్పత్రిలో కూడా మొదలుపెట్టారట.

చిక్కల్లా గడపతో వచ్చింది. వెనక్కి వచ్చేవాళ్లు తట్టుకుని పడుతున్నారు. ఇంజనీరు గారు పరిశీలించి, ప్రజల భద్రత దృష్ట్యా గడప తీసేయాలనీ, గడప తీస్తే ద్వారం నిలవదు కనక ద్వారమూ, ద్వారం లేకుండా వంపు నిలవదు కనక ముందు గోడా తొలగించాలనీ ప్రతిపాదన తయారు చేశారు. ఆయన మెడ మళ్లీ పైకి వచ్చింది.

అయితే భవనం లైబ్రరీది. కాబట్టి ప్రతిపాదన నా దగ్గర మొదలై, త్రూ ప్రాపర్ ఛానల్ పైకి వెళ్లాలి.

అది నా బల్ల మీద ఉంది. మొదట గడప ఎత్తు అంగుళాల్లో రాశారు, సెంటీమీటర్లలో కావాలని తిప్పి పంపాను. సెంటీమీటర్లలో వచ్చింది. ఏ ఋతువులో కొలిచారో చెప్పమన్నాను, చెక్క కదా, ఉబ్బుతుంది. "మీరు ఇలాంటివారని అనుకోలేదండీ," అన్నారు హైమావతి గారు. ఆవిడ కళ్లలో నవ్వు ఉన్నట్టుంది. నేను ఆవిడ ముఖం చూసి మాట్లాడడం ఈమధ్యే నేర్చుకుంటున్నాను.

"పరిశీలనలో ఉంది," అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు వింతైన సుఖం కలిగింది. ఈసారి చోటు దాటకముందే దాన్ని పట్టుకున్నాను. పట్టుకుని చూస్తే కాస్త భయం కూడా వేసింది.

నిన్న పొద్దున రోజూలాగే ఈల విని, వీధికి ముఖం పెట్టి, గడప ఎక్కడుందో మడమతో వెతుక్కుని, వెనక్కి లోపలికి అడుగు పెట్టాను. లోపల పేపరు చదువుకుంటున్న పింఛను మాస్టారు జగ్గయ్య గారికి నా వీపు, మెడ మాత్రమే కనిపించి ఉంటాయి. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీరా!" అన్నారు సిగ్గుపడి కూర్చుంటూ. "కమిషనర్ గారనుకున్నానయ్యా."